పెడన ప్రింట్ల డైరీ: వార్మ్ టోన్ కావాలి, గ్రీన్ కొట్టకూడదు

మే, ఎండలు

పెడన కలంకారీ షెడ్లలో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోల్లోంచి కొన్ని ఏరి, ఏ3 సైజులో ప్రింట్ చేసి, దసరా లోపు ఫ్రేములు కట్టించాలి. పని ఇంతే. టోన్ ఎలా ఉండాలో ఫొటోలు తీస్తున్నప్పుడే అనుకున్నాను. పెడనలో అచ్చు వేసే ముందు గుడ్డని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. తెల్లగుడ్డ లేత పసుపులోకి తిరుగుతుంది. దాని మీద ఇనుప ముక్కలు, బెల్లం నానేసి తీసిన నీళ్ళతో అచ్చు కొడితే, ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి నలుపు తేలుతుంది. నా ప్రింట్లలో కూడా అదే వార్మ్ టోన్, అంటే వెచ్చని ఛాయ కావాలి: హైలైట్లు (లేత చోట్లు) ఆ గుడ్డ రంగు వైపు, మిడ్‌టోన్లు (మధ్య బూడిదలు) కొంచెం గోధుమ, నలుపు మాత్రం నలుపే.

ప్రింటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎప్సన్ పీ800. 17 అంగుళాల వెడల్పు, పిగ్మెంట్ ఇంకులు, తొమ్మిది కార్ట్రిడ్జ్‌లు. మ్యాట్ పేపర్‌కి మ్యాట్ బ్లాక్, గ్లాసీకి ఫొటో బ్లాక్, ఈ రెండిటిలో ఒకసారికి ఒకటే. వాటికి తోడు లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అనే పలచటి నలుపులు. అంటే ఏ ప్రింట్‌కైనా మూడు నలుపులు చేతిలో ఉన్నట్టే. బ్లాక్ అండ్ వైట్ చేసేవాళ్ళకి ఈ ప్రింటర్ మీద మోజు ఉన్నది అందుకే.

మొదటి ప్రింట్లు మామూలు దారిలోనే తీశాను. ఫొటోషాప్‌లో ఒక గోధుమ రంగు లేయర్‌ని కలర్ బ్లెండ్ మోడ్‌లో వేసి, ఆర్‌జీబీ (రంగుల) ఫైలుని ఐసీసీ ప్రొఫైల్‌తో, అంటే ఆ కాగితం మీద ఇంకు రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలుతో పంపడం. కాగితం విజయవాడలో సులువుగా దొరికే 230 జీఎస్ఎమ్ మ్యాట్, తళతళలాడే తెలుపు. దానికి సొంత ప్రొఫైల్ లేదు కాబట్టి దగ్గరగా ఉన్న వేరే మ్యాట్ ప్రొఫైల్‌తో మొదలుపెట్టాను.

కిటికీ దగ్గర చూస్తే పర్వాలేదు. హాల్లో ట్యూబ్‌లైట్ కింద సోఫా మీద పెట్టాను. మా వదిన కాఫీ గ్లాసు పట్టుకుని అటుగా వెళ్తూ ఆగింది.

"ఇదేంటి, ఆ పెద్దాయన చేతులు పాచి పట్టినట్టున్నాయి?"

నిజమే. మిడ్‌టోన్లు ఆలివ్ గ్రీన్ కొడుతున్నాయి. హైలైట్లు తెల్లటి బోర్డర్ పక్కన మురికి పసుపు. బాగా చీకటి ఉన్న చోట్ల లేత ఊదా. ఒక్క ప్రింట్‌లో మూడు రకాల టింట్. ప్రింటంతా ఒకే వైపు లాగితే కలర్ బ్యాలెన్స్ స్లైడర్ ఒక్కటి కదిపితే సరిపోయేది. ఒక్కో చోట ఒక్కో వైపు లాగుతుంటే గ్రీన్ తీసేకొద్దీ ఊదా పెరుగుతుంది. స్లైడర్లు తిప్పుతూ ప్రింట్లు పారేసే పని నాకు చిరాకు, అందులోనూ ఇంకు ధర చూసుకుంటే. ముందు దోషం ఎక్కడుందో పట్టుకోవాలి.

మే చివర, ముందు హెడ్

ఎండాకాలం, ఏసీ గది, పొడి గాలి. ఇలాంటప్పుడు ప్రింటర్ హెడ్‌లో ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు, నాజిల్స్, ఎండిపోవడం మామూలే. లైట్ మెజెంటాలో కొన్ని నాజిల్స్ ఆగినా ప్రింట్ గ్రీన్‌కి తిరుగుతుంది. కాబట్టి నాజిల్ చెక్ లేకుండా ఏ టింట్ గురించీ మాట్లాడకూడదు.

చెక్ షీట్‌లో చిక్కు ఏంటంటే, పసుపు గీతలు తెల్ల కాగితం మీద కనపడవు. గది చీకటి చేసి, ఫోన్ స్క్రీన్ మీద నిండు నీలం రంగు బొమ్మ తెరిచి, ఆ వెలుగులో షీట్ చూశాను. పసుపు ఇంకు నీలం కాంతిని మింగేస్తుంది కాబట్టి గీతలు నల్లగా తేలాయి. ఎక్కడ తెగిందో తేలిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. లైట్ లైట్ బ్లాక్‌కి మాత్రం భూతద్దం, పగటి వెలుగు తప్ప వేరే దారి లేదు.

లైట్ మెజెంటాలో చిన్న గ్యాపులు ఉన్నాయి. ఒక క్లీనింగ్‌తో పోయాయి. మళ్ళీ అదే ఫొటో ప్రింట్ చేస్తే గ్రీన్ కాస్త తగ్గింది కానీ పోలేదు. హెడ్‌ది కొంత వాటా, అంతే.

తర్వాత ఫొటో పక్కన పెట్టి 21 మెట్ల గ్రే పట్టీ ప్రింట్ చేశాను. తెలుపు నుంచి నలుపు దాకా సమానంగా దిగే మెట్లు. పైన టోన్ లేనిది, కింద నా గోధుమ లేయర్ వేసినది. టోన్ లేని పట్టీలో కూడా మధ్య మెట్లు గ్రీన్‌గానే ఉన్నాయి! అంటే నా టోనింగ్ లేయర్ తప్పేం లేదు. అడుగున ఉన్న గ్రే వంకరగా ఉంది, దాని మీద గోధుమ పూస్తే ఆలివ్ అవుతోంది. టోన్ చేసిన ఫొటోతోనే కుస్తీ పడితే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఫొటోలో చర్మం, గుడ్డ, మసి పట్టిన గోడ ఉంటాయి. కన్ను వాటి అసలు రంగుని ఊహించేసుకుంటుంది. పట్టీలో ఊహించడానికి ఏమీ ఉండదు.

జూన్, లైట్ల సంగతి

పట్టీని ఇల్లంతా తిప్పాను. ఉత్తరం కిటికీ వెలుగులో దాదాపు న్యూట్రల్, ఏ రంగు వైపూ లాగడం లేదు. హాల్లో 6500 కెల్విన్ (తెల్ల వెలుగు) ఎల్ఈడీ ట్యూబ్ కింద గ్రీన్. పడగ్గదిలో 3000 కెల్విన్ (పసుపు వెలుగు) బల్బు కింద గ్రీన్ పోయి లేత గులాబీ.

కాగితం అదే, ఇంకు అదే. ఇది ఇంక్‌జెట్ ప్రింట్లకి పాత జబ్బే. సయాన్, మెజెంటా, పసుపు కలిపి తయారుచేసిన గ్రే ఒక్కో కాంతిలో ఒక్కోలా కనిపిస్తుంది. ఒక్కో ఇంకు స్పెక్ట్రమ్‌లో ఒక్కో భాగాన్ని మింగుతుంది, ఒక్కో బల్బు ఒక్కో భాగంలో ఎక్కువ వెలుగు ఇస్తుంది. పగటి వెలుగులో కుదిరిన లెక్క ఎల్ఈడీ కింద కుదరదు. 2000 సంవత్సరంలో వచ్చిన ఎప్సన్ 2000పీ మీద ఈ విషయంలోనే పెద్ద చర్చ నడిచింది. ఆ తర్వాత లైట్ బ్లాక్ వచ్చింది, 2005లో మూడు నలుపుల కే3 ఇంకులు వచ్చాయి. గ్రేని రంగులతో కట్టడం మానేసి నలుపు, పలచటి నలుపులతో కడితే కాంతి మారినా గ్రే పెద్దగా మారదు. నల్ల ఇంకులోని కార్బన్ పిగ్మెంట్ స్పెక్ట్రమ్ అంతటా దాదాపు సమానంగా మింగుతుంది మరి.

ఇక్కడే నాకు అసలు దారి దొరికింది. ఎంత రంగు ఇంకు తగ్గిస్తే అంత స్థిరత్వం. కానీ నాకు కావాల్సింది టోన్ ఉన్న ప్రింట్. రంగు ఇంకు లేకుండా టోన్ ఎక్కణ్ణుంచి తేవాలి? దీని జవాబు క్వాడ్‌టోన్‌రిప్ అనే ప్రింటింగ్ ప్రోగ్రాం దగ్గర దొరికింది, అక్కడికి వస్తాను.

జూన్, కాగితం

నకిలీ నోట్లు చూసే చిన్న యూవీ టార్చి ఒకటి తెప్పించాను. రాత్రి లైట్లు ఆర్పి, నా మ్యాట్ కాగితం, దాని పక్కన ఒక కాటన్ పేపర్ ముక్క పెట్టి టార్చి వేశాను. మ్యాట్ కాగితం నీలంగా భగ్గుమని వెలిగింది. కాటన్ ముక్క టార్చి ఊదా వెలుగులో మందంగా ఉండిపోయింది. కాటన్ ముక్క కాన్సన్ ర్యాగ్ ఫొటోగ్రాఫిక్ 310 జీఎస్ఎమ్‌ది, ఆప్టికల్ బ్రైట్‌నర్లు కలపని కాగితం.

బ్రైట్‌నర్లు అంటే మన బట్టల సబ్బుపొడిలో ఉండే సరుకే. కంటికి కనపడని యూవీని మింగి నీలం వెలుగు విడుదల చేస్తాయి, కాగితం మరింత తెల్లగా అనిపిస్తుంది. కిటికీ వెలుగులో యూవీ ఉంటుంది కాబట్టి అక్కడ పని చేస్తాయి. తెల్ల ఎల్ఈడీలలో యూవీ దాదాపు ఉండదు, అక్కడ నిద్రపోతాయి. ఒకే కాగితం కిటికీ దగ్గర నీలం వైపు, హాల్లో పసుపు వైపు.

హైలైట్లు మురికి పసుపుగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. ఇంకు పడని బోర్డర్ నీలంగా మెరుస్తుంది. లేత ఇంకు పడిన చోట ఆ మెరుపు అణిగిపోయి, పైగా నా వార్మ్ టోన్ తోడవుతుంది. తెలుపు నుంచి మొదటి మెట్టుకి దిగేసరికే నీలం నుంచి పసుపులోకి గెంతు. దాన్ని ఏ ప్రొఫైలూ దాచలేదు. కాలం గడిచేకొద్దీ బ్రైట్‌నర్లు శక్తి కోల్పోయి కాగితం పసుపెక్కడం ఇంకో తలనొప్పి.

వార్మ్ టోన్ ప్రింట్‌కి అతి తెల్ల కాగితం వాడటం నా దృష్టిలో డబ్బు దండగ. ఆ మ్యాట్ కాగితాన్ని ప్రూఫులకి, అంటే ట్రయల్ ప్రింట్లకి ఉంచుకున్నాను. ఫైనల్ ప్రింట్లకి ర్యాగ్.

జూన్ చివర, తొలకరి పడింది

స్నేహితుడి దగ్గర రంగు కొలిచే కలర్‌మంకీ స్పెక్ట్రోమీటర్ అడిగి తెచ్చాను. ఉచితంగా దొరికే ఆర్గిల్ సాఫ్ట్‌వేర్‌లో స్పాట్‌రీడ్ తెరిచి ఒక్కో మెట్టూ చదవడం. ఓపిక కావాలి, కానీ అక్కడితో వాదనలు ఆగిపోతాయి.

చదివేది ల్యాబ్ విలువలు, అంటే రంగుని చెప్పే మూడు అంకెలు. 'ఎల్' వెలుగు, నూటికి తెలుపు, సున్నాకి నలుపు. 'ఏ' మైనస్‌లో ఉంటే గ్రీన్ వైపు, ప్లస్‌లో ఉంటే మెజెంటా వైపు. 'బీ' మైనస్‌లో నీలం, ప్లస్‌లో పసుపు. న్యూట్రల్ గ్రేకి 'ఏ', 'బీ' రెండూ సున్నా దగ్గర. పక్కపక్కన పెట్టిన రెండు గ్రేల మధ్య ఒక యూనిట్ తేడా వస్తే శ్రద్ధగా చూసే కంటికి పట్టుబడుతుంది.

టోన్ వేసిన పట్టీలో మధ్య మెట్టు 'బీ' 4.5 వచ్చింది, అది నేను కోరుకున్నదే. 'ఏ' మాత్రం మైనస్ 1.2. చిక్కు అక్కడే. సెపియా అనిపించాలంటే 'బీ' పెరిగినప్పుడు 'ఏ' కూడా దాంట్లో మూడో వంతు దాకా ప్లస్‌లో ఉండాలి. 'బీ' ఉండి 'ఏ' సున్నాకి కింద ఉంటే కన్ను దాన్ని గోధుమ అనుకోదు, ఆలివ్ అంటుంది.  

ఆ తర్వాత నేను చూసేది ఒక్కో మెట్టులో టింట్ ఎంత అన్నది కాదు. 'ఏ', 'బీ' విలువల్ని తెలుపు నుంచి నలుపు దాకా గ్రాఫ్ గీస్తే గీత నున్నగా ఉందా, ఎక్కడైనా సున్నాని దాటి అవతలికి పోయి మళ్ళీ వెనక్కి వస్తోందా అన్నది. నున్నగా ఉంటే కాస్త ఎక్కువ తక్కువలున్నా అది టోన్ లాగే కనిపిస్తుంది. మెలిక తిరిగితే ఒక యూనిట్ తేడా కూడా తప్పులాగే కనపడుతుంది.

ఇంకో సంగతి కూడా రాసి పెట్టుకోవాలి. కలర్‌మంకీ లోపల వెలిగేది తెల్ల ఎల్ఈడీ, అందులో యూవీ లేదు. కాబట్టి బ్రైట్‌నర్ల నీలాన్ని అది చూడలేదు. కిటికీ దగ్గర నీలంగా ఉన్న నా మ్యాట్ కాగితాన్ని అది దాదాపు న్యూట్రల్ అని చదివింది. మీటర్ ఒకటి చెప్పి కన్ను ఒకటి చెబితే, బ్రైట్‌నర్లు ఉన్న కాగితం దగ్గర కన్ను మాటే వినాలి. ర్యాగ్ కాగితంతో ఈ గొడవే లేదు.

జూలై, అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్

డ్రైవర్‌లోనే ఉండే అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌తో ర్యాగ్ మీద పట్టీ తీశాను. ఇది ప్రధానంగా మూడు నలుపులతో ప్రింట్ చేసి, టోన్ కోసం రంగు ఇంకుల్ని చిటికెడు కలుపుతుంది. న్యూట్రల్, కూల్, వార్మ్, సెపియా అని నాలుగు టోన్లు, పక్కన ఒక రంగుల చక్రం, అడ్డం నిలువు అంకెలు. తెలియనివాళ్ళు మొదట తడబడేది ఒక చోట: ఫొటోషాప్‌లో టోన్ చేసిన ఆర్‌జీబీ ఫైలుని ఈ మోడ్‌కి పంపితే ఆ టోన్ మొత్తం పోతుంది. అది ఫైలులోని రంగుని తీసేసి తన టోన్ తాను వేస్తుంది. కాబట్టి గ్రే ఫైలు పంపి, టోన్ ఇక్కడే ఎంచుకోవాలి.

వార్మ్ పెడితే 'ఏ' ప్లస్‌లోకి వచ్చింది, గీత నున్నగా ఉంది, హాల్లోని ట్యూబ్ కింద కూడా గ్రీన్ లేదు. నిజాయితీగా చెప్పాలంటే చాలామందికి ఇక్కడితో పని అయిపోయినట్టే. వార్మ్ మరీ ఎక్కువనిపిస్తే న్యూట్రల్ ఎంచుకుని చక్రంలో కొద్దిగా పసుపు, మెజెంటా మధ్యకి జరిపితే సరి.

నేను ఆగనిది నలుపు దగ్గర. ఈ మోడ్‌లో ఎంచుకున్న టోన్ హైలైట్లకీ షాడోలకీ (ముదురు చోట్లకీ) కలిపే పడుతుంది, విడివిడిగా చెప్పే వీల్లేదు. నా ఫొటోల్లో అచ్చుల నలుపు కూడా గోధుమలోకి జారిపోయింది. పెడన వెళ్ళినప్పుడు ఈ ప్రింట్లలో ఒకటి పట్టుకెళ్ళాను. అచ్చులేసే పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా చూశాడు.

"ఫొటో బానే ఉందమ్మా. నలుపు దిగలేదు. మేమైతే ఈ గుడ్డ మళ్ళీ కరక్కాయ నీళ్ళలో ముంచుతాం."

జూలై, ముసురు

క్వాడ్‌టోన్‌రిప్ ఎక్కించాను. రాయ్ హారింగ్టన్ రాసిన ప్రోగ్రాం, 50 డాలర్ల షేర్‌వేర్. డ్రైవర్‌ని పక్కన పెట్టి, ఏ మెట్టుకి ఏ ఇంకు ఎంత పడాలో నేరుగా కర్వులతో చెబుతుంది. మొదటి రోజు దాని తెర చూస్తే టెన్షన్ వస్తుంది. అలవాటయ్యాక మామూలు డ్రైవర్ మీద నమ్మకం పోతుంది.

కే3 ఇంకుల కోసం ఇచ్చే వార్మ్ కర్వులో రంగు ఇంకు అసలు ఉండదు, మూడు నలుపులే. కార్బన్ నలుపు సహజంగానే కాస్త గోధుమ, పలచనయ్యేకొద్దీ ఆ గోధుమ ఇంకా బయటపడుతుంది. ఆ వెచ్చదనాన్ని చంపి న్యూట్రల్ చేయడానికే మిగతా కర్వులు లైట్ సయాన్, లైట్ మెజెంటా కలుపుతాయి. నేను ఇన్నాళ్ళూ చేసిందేమిటంటే, ముందు రంగు ఇంకుతో వెచ్చదనం తీసేయించి, తర్వాత పసుపు ఇంకు పోసి వెచ్చదనం తెప్పించడం. నాకు కావాల్సిన టోన్ నల్ల ఇంకులోనే ఉంది.

వార్మ్ కర్వు ఒక్కటే పెట్టి ర్యాగ్ మీద పట్టీ తీసి చదివితే మధ్యలో 'ఏ' ఒకటి, 'బీ' ఐదు. గీత ఎక్కడా మెలిక లేదు. పట్టీని మళ్ళీ ఇల్లంతా తిప్పాను. కిటికీ, ట్యూబ్, పడగ్గది బల్బు, ఎక్కడా టింట్ వేరే వైపు తిరగలేదు. బల్బు కింద అంతా వెచ్చగా కనిపించడం వేరు, అది కాగితానికీ గోడకీ కూడా కలిపే జరుగుతుంది.

మిగిలింది షాడోలు. క్వాడ్‌టోన్‌రిప్‌లో రెండు కర్వులు కలిపి, హైలైట్లలో ఏది ఎంత, షాడోలలో ఏది ఎంత అని విడిగా చెప్పొచ్చు. హైలైట్లకి పూర్తిగా వార్మ్, షాడోలలో కూల్ (చల్లటి, నీలం వైపు లాగే) కర్వు సగం కంటే కొంచెం తక్కువ. నలుపు దిగింది. కానీ 'ఎల్' 35 దగ్గర 'ఏ' మైనస్ 0.8 అయింది. మళ్ళీ గ్రీన్!

కారణం ఆలోచిస్తే తేలిగ్గానే దొరికింది. కార్బన్ గోధుమకి ఎదురు రంగు నీలం, సయాన్‌ల మధ్య ఎక్కడో ఉంటుంది. అందుకే కూల్ కర్వులో లైట్ సయాన్‌ది పెద్ద వాటా. ఆ కర్వు తయారుచేసిన కాగితం మీద అది సరిగ్గా సరిపోయి ఉంటుంది. నా ర్యాగ్ మీద కార్బన్‌లోని ఎరుపు పాలు కొంచెం తక్కువ, దాంతో సయాన్ మిగిలిపోయి గ్రీన్ కింద తేలుతోంది. కర్వు తయారుచేసే టెక్స్ట్ ఫైలు తెరిచి, టోనర్ ఇంకుల (టోన్ మార్చడానికి కలిపే రంగు ఇంకుల) దగ్గర లైట్ సయాన్ పాలు ఒక గీత తగ్గించి, లైట్ మెజెంటా ఒక గీత పెంచాను. ఇక్కడ పెద్ద అంకెలు మార్చకూడదు. లైట్ మెజెంటా మరీ పెంచితే 'ఎల్' 50 దగ్గర గులాబీ మొదలవుతుంది, అది గ్రీన్ కన్నా అసహ్యంగా ఉంటుంది. మార్చిన కర్వుతో 'ఏ' 0.3కి వచ్చింది.

టోనర్ పాళ్ళు మారిస్తే వెలుగు మెట్లు కూడా కొద్దిగా కదులుతాయి. అందుకే ముందు టింట్ సరిచేసుకుని, చివర్లోనే 21 మెట్ల 'ఎల్' విలువలు ఇచ్చి లీనియరైజ్ చేయాలి, అంటే మెట్లు సమానంగా దిగేలా సర్దాలి. తలకిందులుగా చేస్తే రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ర్యాగ్ మీద నలుపు 'ఎల్' 16 దాకా వచ్చింది. మ్యాట్ కాగితం మీద అంతకంటే లోతు ఆశించడం అత్యాశ. గ్లాసీ వాడేవాళ్ళకి ఇంకా లోతు దొరుకుతుంది కానీ, నల్లటి చోట్ల పక్కవాటంగా చూస్తే రాగి మెరుపు కొట్టే బ్రాంజింగ్ అనే వేరే బాధ ఉంటుంది.

అవే కొలతలతో దాని క్రియేట్ ఐసీసీ పనిముట్టు ఒక గ్రే ప్రొఫైల్ తయారుచేసి ఇస్తుంది. ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్‌కి, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూడటానికి పెట్టుకుంటే టోన్‌తో సహా కనిపిస్తుంది. మానిటర్ వెలుగు తగ్గించుకోకపోతే మాత్రం అది కూడా అబద్ధమే చెబుతుంది.

ఆగస్టు, శ్రావణం

వర్షాలకి కాగితం చెమ్మెక్కి అంచులు లేస్తున్నాయి. ప్రింటర్‌లోంచి రాగానే చదివిన పట్టీకీ, మర్నాడు చదివిన పట్టీకీ షాడోలలో చిన్న తేడా ఉంది. అందుకే ఇప్పుడు ప్రింట్ మీద మామూలు తెల్ల కాగితం కప్పి రాత్రంతా వదిలేస్తున్నాను, చెమ్మ పైకాగితం పీల్చుకుంటుంది. మర్నాడు పగలే తీర్పు. కాగితం పెట్టెని ప్లాస్టిక్ సంచిలోంచి అవసరమైనప్పుడే తీయడం, అంతకు మించి ఈ నెలలో చేయగలిగింది లేదు.

ఈలోగా గుడివాడలో స్టూడియో నడిపే మిత్రుడు ఫోన్ చేశాడు. అతని దగ్గర ఉన్నది ఎప్సన్ ఎల్805 ప్రింటర్. పెళ్ళి ఆల్బమ్‌లో రెండు పేజీలు సెపియా అడిగారట, ఒక పేజీ గ్రీన్, ఒకటి గులాబీ వస్తున్నాయట. మన ఊళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది ఆ ప్రింటరే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అందులో ఆరు డై ఇంకులు, నలుపు ఒక్కటే, పలచటి నలుపులు లేవు. హైలైట్లలో, మిడ్‌టోన్లలో గ్రే అంటే రంగులు కలిపి కట్టిన గ్రేనే. దాన్ని కార్బన్‌తో సరిచేసే దారి లేదు. పైగా వేరే వేరే కంపెనీల ఇంకు బాటిళ్ళు మారిస్తే నిన్నటి సవరణ ఈరోజు పనిచేయదు.

అతనికి చెప్పింది పాత కలర్ డార్క్‌రూమ్ వాళ్ళ రింగ్ అరౌండ్ పద్ధతి. ఒక టోన్ చేసిన ఫొటోని చిన్నచిన్న కాపీలు చేసి ఒకే షీట్ మీద పేర్చాలి. నడిమిది ఉన్నదున్నట్టు, చుట్టూ ఉన్నవి ఒక్కోటి ఒక్కో వైపు కర్వు కొద్దిగా జరిపినవి: కొంచెం మెజెంటా, కొంచెం గ్రీన్, కొంచెం పసుపు, కొంచెం నీలం, వాటి జంటలు. ఆల్బమ్ ఎక్కడ చూస్తారో ఆ లైట్ కింద పెట్టి, బాగున్నది ఎంచుకోవాలి. తర్వాత 21 మెట్ల పట్టీ తీసి లేత, మధ్య, ముదురు చోట్ల ఆ సవరణ వేర్వేరుగా కావాలేమో చూసి, కర్వులో మూడు పాయింట్ల దగ్గర పెట్టాలి. ఆ కర్వుని కాగితం పేరు, ఇంకు పేరుతో సేవ్ చేసుకోవాలి. చేతిలో డబ్బులుంటే ఆ కాగితానికీ ఆ ఇంకుకీ కలిపి ఒక ప్రొఫైల్ చేయించుకోవడం ఇంకా మేలు.

"కస్టమర్ ఏ లైట్ కింద చూస్తాడో నాకేం తెలుసు?" అన్నాడు.

"హాల్లో తెల్ల ట్యూబ్ కిందే చూస్తాడు, నువ్వూ అక్కడే చూడు" అన్నాను. మన ఇళ్ళలో ఆ అంచనా తప్పే అవకాశం తక్కువ.

ఆగస్టు చివర, ఫ్రేములు

గవర్నర్‌పేటలో ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి ఒక ప్రింట్, పట్టీ రెండూ తీసుకెళ్ళాను. ఆయన అలవాటుగా 2 ఎమ్ఎమ్ మామూలు గాజు తీశాడు. పట్టీలో సగం గాజు కిందకి, సగం బయటికి ఉండేలా పెట్టమన్నాను. గాజు కింద సగం లేత గ్రీన్ వైపు జరిగింది. మరీ ఎక్కువేం కాదు, కానీ కర్వులో ఒక గీత కోసం అంత కుస్తీ పట్టినదాన్ని, నాకు వెంటనే కనపడింది.

"గాజు గాజే కదా మేడమ్, గ్రీన్ ఎక్కడుంది?"

గోడకి ఆనించి పెట్టిన గాజు పలకల కట్టని అంచు వైపు నుంచి చూపించాను. ముదురు ఆకుపచ్చ. మామూలు గాజులో ఇనుము ఉంటుంది, ఆ రంగు దానిదే. కాంతి గాజులోంచి లోపలికి వెళ్ళి ప్రింట్ మీద పడి మళ్ళీ బయటికి రావాలి కాబట్టి రెండుసార్లు దాటుతుంది. ఆయన కాసేపు చూసి, "ఇన్నేళ్ళుగా కోస్తున్నా, అంచు సంగతి తెలుసు గానీ ఫొటో మీద పడుతుందనుకోలేదు" అన్నాడు. ఆక్రిలిక్ షీట్ వేద్దామని తేల్చుకున్నాం. గీతలు పడతాయి, దుమ్ము లాగుతుంది, అయినా టింట్ లేదు. ఇనుము తక్కువ ఉండే తెల్ల గాజు కూడా ఉంటుంది, ధర విని నేను ఊరుకున్నాను.

ఫ్రేములో ప్రింట్ చుట్టూ కనపడే మౌంట్ బోర్డు విషయంలో ఆయనే గెలిచాడు. నేను క్రీమ్ రంగు అడిగితే, ఒక ముక్క ప్రింట్ పక్కన పెట్టి చూపించాడు. క్రీమ్ పక్కన నా హైలైట్లు చల్లగా, పేలవంగా అయిపోయాయి. బోర్డు ఎంత వెచ్చగా ఉంటే ప్రింట్ అంత నీలంగా కనిపిస్తుంది. మంచు తెలుపు పెడితే మళ్ళీ హైలైట్లు మురికిగా తోస్తాయి. ర్యాగ్ కాగితం అంచుకి దగ్గరగా ఉన్న ఆఫ్ వైట్ కుదిరింది.

సెప్టెంబరు, భాద్రపదం

ఇప్పటికి సెట్‌లో చాలావరకు అయ్యాయి. అన్నిటికీ ఒకటే సెట్టింగ్: హైలైట్లకి వార్మ్, షాడోలకి సవరించిన కూల్, ర్యాగ్, రాత్రంతా ఆరబెట్టడం. ఒక్కటి మాత్రం వినలేదు. రంగు ఉడికించే రాగి బాన మీద ఆవిరి లేస్తున్న ఫొటో. అందులో ముదురు చోట్లు దాదాపు లేవు, అంతా లేత బూడిదే. షాడోలలో కలిపిన కూల్ పైకి 'ఎల్' 60 దాకా పాకి ఆవిరిని చల్లబరిచేస్తోంది. దానికి కూల్ పూర్తిగా తీసేసి వార్మ్ కర్వు ఒక్కదానితోనే ప్రింట్ చేశాను. గోడ మీద మిగతావాటి పక్కన పెడితే తేడా ఎవరికీ తెలియదు. ఒకే అంకెలు అన్ని ఫొటోలకీ పెట్టాలన్న పట్టుదల నాకు లేదు.

ఒక ప్రింట్ మళ్ళీ పెడన తీసుకెళ్ళాను. పెద్దాయన నలుపు వైపే చూశాడు, ఈసారి కరక్కాయ ఊసు ఎత్తలేదు. "ఇది నాకు ఇస్తావా?" అని అడిగాడు. ఆయన షెడ్డులో తలుపులోంచి పడే ఎండ తప్ప వేరే లైటు లేదు, పిగ్మెంటైనా నేరుగా ఎండ తగిలే చోట పెట్టొద్దని చెప్పి ఇచ్చాను.

క్వాడ్‌టోన్‌రిప్ వార్మ్ కర్వు లైట్ లైట్ బ్లాక్‌ని బాగా తాగుతుంది. ఆ కార్ట్రిడ్జ్ అడుగంటింది, కొత్తది ఆర్డర్ పెట్టాను. ర్యాగ్ కాగితం కూడా కొత్త పెట్టె వస్తుంది, అదే బ్యాచ్ అన్న గ్యారంటీ లేదు. రెండూ వచ్చాక నాజిల్ చెక్, ఆ తర్వాత కొత్త పెట్టెలో మొదటి షీట్ మీద 21 మెట్ల పట్టీ, మర్నాడు కొలత. విలువలు కదలకపోతే మిగిలిన ప్రింట్లు ఆ వారంలోనే ఫ్రేములకి వెళ్ళిపోతాయి.